వంగపండు రంగు చీర

ఎగువ కొండలయందు కురిసిన తొలివానల మట్టిని మోసికొనుచు ఎఱ్ఱబాఱిన గోదావరి రాజమహేంద్రవరపు రేవుమెట్లను ముంచుచుండగా, ముహూర్తములు లేని ఆషాఢమున బేరములు మందగింపకుండుటకై వస్త్రవర్తకులు ధరలు తగ్గించి ఆ సంగతిని చాటు పటములను ద్వారములకు తోరణములవలె వ్రేలాడగట్టియుండిరి. మధ్యాహ్నమునకే మేఘములు క్రమ్మి వీధి చీకటి పడెను. అంగళ్ళలో దీపములు వెలిగెను.

ఆ వేళ ప్రధానవీధిలోని యొక చీరల దుకాణమునకు ఇరువురు స్త్రీలు వచ్చిరి. ముందు నడచినది రాజ్యలక్ష్మి. ఆమె భుజముపై చేయి వేసి వెనుక నడచినది ఆమె ఆడపడుచు సుభాషిణి. బాల్యమున విషజ్వరము సోకి సుభాషిణికి చూపు పోయినను అంతకుముందు చూచిన రంగులు ఆమె మనస్సున చెదరక నిలిచియుండెను. వానిలో వంగపండు రంగనిన ఆమెకు మిక్కిలి మక్కువ. సోమవారమునాడు విద్యుత్కార్యాలయమున ఫిర్యాదులు వినెడి ఉద్యోగమున చేరవలసియున్నందున ఆ రంగు చీర కట్టియే తొలిదినము కుర్చీలో కూర్చుండవలెనని ఆమె నిశ్చయించుకొనెను.

ఈ పట్టుదలకు కారణము కలదు. ఇంతవరకును ఆమె చీరలన్నియు వదినయే తెచ్చెడిది. ఏ రంగు కోరిన ఆ రంగే తెచ్చితి ననెడిది. నిరుడొక పెండ్లిలో తాను వంగపండు రంగు చీర కట్టితినని సుభాషిణి సంబరముతో చెప్పగా ప్రక్కనున్న ముత్తైదువ, "ఇది బూడిద రంగు గదమ్మా!" యని నవ్వెను. సుభాషిణి ఇంటికి వచ్చి ఆ చీరను మడచి పెట్టె అడుగున పెట్టెను.

ఆ దుకాణమున ఈ యేటినుండి ప్రతి చీరకును క్యూఆర్ కోడ్ అచ్చువేసిన చీటీని గుండుసూదితో గ్రుచ్చుచుండిరి. దానికెదురుగా ఫోను పట్టినచో చీర నేతయు రంగును ధరయు తెరపై కనబడును. సుభాషిణియొద్దనున్న ఫోను తన తెరపైనున్న దానిని బిగ్గరగా చదివి వినిపించును. ఈ సంగతి స్నేహితురాలివలన తెలిసికొనియే ఆమె వచ్చెను. వదినకు చెప్పలేదు.

"త్వరగా కానిమ్ము. మిద్దెమీద బట్టలున్నవి. వాన వచ్చినచో మీ అన్నయ్య చొక్కాలు తడిసి ముద్దయగును" అని రాజ్యలక్ష్మి తొందరపెట్టెను.

"తడియనిమ్ము వదినా! ఆ వంకతో అన్నయ్య రేపు సెలవు పెట్టును."

గుమాస్తా కొండలరావు పరుపుమీద చీరలు పఱచెను. రాజ్యలక్ష్మి ఆతనికి కన్ను గీటి ఒక బూడిద రంగు చీరను చూపెను. ఆతడు దానిని సుభాషిణి చేతులలో నుంచి, "వంగపండేనమ్మా! ఇప్పుడే తోటలో కోసి తెచ్చినట్లున్నది" అనెను.

సుభాషిణి చీర అంచు తడవి చీటీని పట్టుకొని ఫోనును దానికెదురుగా నుంచెను.

"రంగు, బూడిద" అని ఫోను బిగ్గరగా పలికెను. ప్రక్క పరుపులమీది వారు ఇటు తిరిగిరి.

"యంత్రము గదమ్మా! ఒక్కొక్కప్పుడు పొరపడును" అని కొండలరావు నసిగెను.

"పొరపడునేమో గాని మనుష్యులవలె దానికి కన్ను గీటుట రాదు" అని సుభాషిణి పలికెను.

రాజ్యలక్ష్మి గొంతు తగ్గించి, "కూర మరక పడినను నీవు చూచుకొనలేవు. నలుగురును నవ్వుదురని మాపు కనబడని రంగులు తెచ్చితిని" అనెను.

"మరక పడినప్పుడు చెప్పుము వదినా. రంగును మాత్రము మార్చకుము."

కొండలరావు కట్టలు విప్పసాగెను. ఆషాఢపు రద్దీలో చీరలు విప్పుటయే గాని మడచుటకు తీరిక లేదు. సూది ఊడి రాలిన చీటీలను పనివారు చేతికందిన చీరకు గ్రుచ్చుచుండిరి. ఇంతలో సుభాషిణి ఒక చీటీకి ఫోను పట్టగా, "రంగు, వంగపండు" అని వినబడెను. ఆమె ఆ చీరను గుండెకు హత్తుకొనెను. అంతలోనే ఆగెను. ఫోను చదివినది చీటీని. చీటీని గ్రుచ్చినది మనుష్యుని చేయి.

"వదినా! ఇది వంగపండు రంగేనా?"

ఉఱిమెను. రాజ్యలక్ష్మి ద్వారమువైపు చూచెను. తొలిచినుకులు వీధిలో పడుచుండెను. అవునని ఒక్కమాట చెప్పినచో బట్టలు తడియక మునుపే ఇల్లు చేరవచ్చును.

"కాదు" అని ఆమె పలికెను. "చీటీ మారినది. ఇది చిలకపచ్చ. దీనిని కట్టుకొని వెళ్ళినచో మీ కార్యాలయమువారు జామచెట్టు వచ్చినదనుకొందురు."

సుభాషిణి ఫక్కున నవ్వెను. రాజ్యలక్ష్మి కొంగు నడుమున దోపి పరుపుమీద చదికిలబడి, "కొండలరావుగారూ! ఆ గుట్టయంతయు ఇటు త్రోయుడు. దొరకువఱకును మేము లేవము" అనెను.

వదిన చీర తీసి ఇచ్చుచుండగా ఆడపడుచు ఫోను పట్టుచు ఇరువురును ఆ గుట్టను వెదకిరి. వాన పెద్దదయ్యెను. గుట్ట అడుగునకు చేరువగుచుండగా ఫోను, "రంగు, వంగపండు" అని పలికెను. సుభాషిణి వదినవైపు ముఖము త్రిప్పెను.

"వంగపండే" అని రాజ్యలక్ష్మి పలికెను.

సుభాషిణి ఆ చీరను మడవనీయక భుజమున వేసికొని లేచెను. వెలుపల వీధి కాలువయై పాఱుచుండెను. మిద్దెమీద చొక్కాలన్నియు ఈపాటికి ముద్దయి యుండునని ఇరువురికిని తెలియును. ఇరువురును తొందరపడలేదు.