మహబూబ్ అలీ వేసిన జాయింట్

పూలి కన్ను మా ఎదురుగానే పోయింది. వెలుగు రాలేదు, చప్పుడు రాలేదు. అందుకే ఎవరమూ చూడలేదు.

సోమవారం పొద్దున పదింటికి జరిగింది. టేకులపల్లి రోడ్డు మీద మా యజమాని జయప్రకాశ్ షెడ్డులో హాస్టళ్లకు స్టీలు నీళ్ల తొట్లు చేస్తున్నాం. పూలి రేకులు తుడుస్తోంది. పది అడుగుల దూరంలో ఆమె మొగుడు లచ్చిరాం చేతిలో కొత్త లేజర్ వెల్డింగ్ గన్ను. అతుకు చివర గన్ను మూతి రేకు మీంచి లేచింది. లేచినా ఆగలేదు. పూలి చేతిలో గుడ్డ జారిపోయింది. ఎడమ కన్ను మూసుకుని మొగుణ్ని చూసింది.

"ఈ కంటితోని చూస్తే నీ మొకం లేదు. చెవులే ఉన్నయి."

"ఆ మొకం కనవడకపోతేనే మంచిది వదినా," అన్నాడు మాతో పనిచేసే అజారుద్దీన్. అందరం నవ్వాం. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

మా అందరికీ పని నేర్పిన ముసలి వెల్డర్ మహబూబ్ అలీ మాత్రం దగ్గరికి వచ్చాడు. "మంటున్నదా బేటీ?"

"లేదు చాచా."

మంట లేదంటే ఏమీ కాలేదనుకున్నాం. ముప్ఫై ఏళ్లుగా మాకు తెలిసిన వెల్డింగ్ అలాంటిది. రాడ్డు అంటుకుంటే ఊరంతా కనిపించే వెలుగు. పసిపిల్లలు కూడా మొహం తిప్పుకుంటారు. పొరపాటున చూస్తే ఆ రాత్రి కళ్లలో ఇసుక పోసినట్టు ఉంటుంది. ఆలుగడ్డ ముక్కలు పెట్టుకుని పడుకుంటే ఒకటి రెండు రోజుల్లో పోతుంది. పూలికీ ఆలుగడ్డే పెట్టాం. రెండు రోజులు ఆగాం. బుధవారం ఖమ్మం దవాఖానాలో డాక్టరమ్మ కంట్లోకి లైటు వేసి చూసి చెప్పింది. ఆ గన్నులోంచి వచ్చేది కంటికి కనపడదట. మెరిసే రేకు మీద పడి తిరిగి వచ్చిందట. నొప్పి లేకుండానే కంటి వెనక నట్టనడుమ కాల్చేసింది. ఆ చూపు ఇక రాదు.

ఆ మెషిన్ వచ్చి నెల కాలేదు. అబద్ధం చెప్పను, పని గొప్పగా చేస్తుంది. మేం ఒకటిన్నర రాడ్డు కాల్చి, పైన కట్టిన పెంకు కొట్టి, పూలి గ్రైండర్ పట్టి అరగంట అరగదీస్తే వచ్చే అతుకు దానికి ఒక్క నిమిషం పని. రేకు వంకర పోదు. గ్రైండర్ అక్కర్లేదు. అందుకే పూలి చేతిలోకి గుడ్డ వచ్చింది. మాలో ఆరుగురిని రావద్దన్నారు.

గన్ను మూతి రేకును తాకి ఉంటేనే అది కాల్చాలి. లేస్తే ఆగిపోవాలి. అందుకు మెషిన్ లోపల ఒక వైరు ఉందని కంపెనీ మనిషి చూపించి పోయాడు. మాటిమాటికీ ఆగుతుంటే పని సాగట్లేదని జయప్రకాశ్ పక్కన నిలబడి సూపర్‌వైజర్ శ్రీనివాస్ చేత వెనక మూత తీయించాడు. రెండు వైర్లు కలిపి నల్లటేపు చుట్టించాడు. మహబూబ్ అలీ అప్పుడే అన్నాడు: "సార్, మెషిన్ మంచిదే. గోడలున్న గది కట్టున్రి. దానికున్న కండ్లద్దాలు తెప్పియ్యున్రి. ఆ వైరు ముట్టకున్రి."

"నీ నల్లద్దం నువ్వు పెట్టుకో సాయిబు. మెషిన్ సంగతి నీకెందుకు?" అన్నాడు జయప్రకాశ్.

గురువారం పోలీసులు లచ్చిరాంను ఎత్తుకుపోయారు. ఇంట్లో గొడవలుండి కావాలనే పెళ్లాం కంట్లో గన్ను కొట్టాడని జయప్రకాశ్ ఫిర్యాదు రాసిచ్చాడు. స్టేషన్ వరండాలో పూలి చూస్తుండగానే మొగుడి అరికాళ్ల మీద కొట్టారు. "వాడు కాదు సారు, నా కన్ను తీసింది వాడు కాదు," అని ఆమె అరుస్తూనే ఉంది. ఎవడూ రాసుకోలేదు.

శుక్రవారం పొద్దున షెడ్డులో పదకొండుమందిమి కూడాం. అజారుద్దీన్ సమ్మెట ఎత్తాడు.

"ముక్కలు చేద్దాం దీన్ని! మన పని పోయింది, వదిన కన్ను పోయింది!"

మహబూబ్ అలీ మెషిన్ మీద కూర్చున్నాడు. "కొట్టు. నా మీంచి కొట్టు. గాని ఒక్కమాట. ఇది పగిలితే సంబురం ఎవరికిరా?"

అజారుద్దీన్ సమ్మెట దించాడు.

"టేపు సుట్టిన వైరు దీని కడుపులున్నది. లచ్చిరాంకు గదొక్కటే సాక్షి. సర్వీసుకని జయప్రకాశ్ ఇయ్యాల లారీ పంపుతుండు. ఇది గేటు దాటితే వైరు మాయమైతది, లచ్చిరాం జైల్ల కుళ్లుతడు."

"అంటే మన పొట్టగొట్టినదానికి మనమే కావలుండాల్నా?" అన్నాడు అజారుద్దీన్.

"అవ్. ఉండాలె. పొట్టగొట్టింది మెషిన్ కాదు, దాని స్విచ్ ఎవడి చేతిలున్నదో వాడు."

పూలి లేచి నిలబడింది. "నేనుంట," అంది.

బయట లారీ హారన్ వినపడింది. ఎనిమిదిమంది దిగారు, చేతుల్లో ఇనుప రాడ్లు. మేం గేటు రెక్కలు లాగి మూశాం. బోల్టు ఎప్పుడో ఊడిపోయింది. రెక్కల మధ్య రెండు వేళ్ల సందు, నిండా తుప్పు. అతికేయడం ఒక్కటే దారి.

"లేజర్ గన్ను తేనా చాచా? జల్దీ అయితది," అన్నాడు అజారుద్దీన్.

"సాఫ్ రేకు, సందు లేని అతుకు ఉంటేనే అది అంటుకుంటది. తుప్పుకు పాత రాడ్డు హోల్డరే దిక్కు. పిచ్చయ్యా, సలాక పెట్టు."

సందులో ఇనుప సలాక పెట్టి పట్టుకున్నాను. రాడ్డు భగ్గుమంది. మొదటి జాయింట్ పడింది. రెండోది వేస్తుంటే గేటు ఊచల్లోంచి ఒకడు రాడ్డు దూర్చి పొడిచాడు. మహబూబ్ అలీ కణతలో దిగింది. ఆయన ఆగలేదు. వాడు మళ్లీ పొడిచాడు. నెత్తురు కారి వేడి ఇనుము మీద పడి చుయ్యిమంది. అజారుద్దీన్ ఎర్రగా కాలిన రాడ్డు ముక్క పటకారుతో తీసి వాడి చేతి మీద అదిమాడు. వాడు పెట్టిన కేకకు మిగిలినవాళ్లు గోడ మీంచి రాళ్లు రువ్వారు. నా పక్క నిలబడ్డవాడి పళ్లు రాలాయి. మేమూ ఇనుప ముక్కలు విసిరాం. నాలుగో జాయింట్ చివర జయప్రకాశ్ కరెంటు తీయించాడు. అప్పటికే పని అయిపోయింది. మహబూబ్ అలీ హోల్డర్ వదిలి పక్కకు ఒరిగాడు.

గేటు పగలగొడితే దవాఖానాకు తీసుకుపోవచ్చు. నేను సమ్మెట పట్టుకున్నాను. ఆయన నా కాలు పట్టుకున్నాడు.

"గేటు ముట్టకు. గోడ మీంచి దాటియ్యి."

ఒక స్టీలు రేకు మీద పడుకోబెట్టి గోడ దాటించాం. బయట బజారు జనం అందుకున్నారు. ఆయన భార్య షాకేరా ఆ రేకు వెంటే ఆటో ఎక్కింది.

ఎస్సై వచ్చి గేటు కోయమని బజారులోని ముగ్గురు గ్యాస్ కట్టర్లను పిలిపించాడు. ముగ్గురూ వచ్చారు. జాయింట్ల మీద ఆరిన నెత్తురు చూశారు. పెద్దవాడు సిలిండర్ బిగించేశాడు.

"చాచా ఏసిన జాయింట్ నేను కొయ్య సార్. నాకు పని నేర్పిన చెయ్యది."

లాఠీ ఆయన మోకాలు విరిచింది. రెండోవాడూ కోయలేదు. మూడోవాణ్ని జుట్టు పట్టి గేటుకు కొట్టారు. అప్పుడు జనం కదిలారు. తండాల నుంచి ఆడవాళ్లు వచ్చారు, షాపులు మూసి వెల్డర్లు వచ్చారు. మధ్యాహ్నానికి రోడ్డు కనిపించలేదు.

మూడింటికి షాకేరా ఒక్కతే తిరిగొచ్చింది. బురఖా మీద నెత్తురు. ఏడవలేదు. గేటుకు వీపు ఆనించి కూర్చుంది.

"పోయిండు. మెషిన్ మూత నా ముందర తియ్యున్రి. తీసేదాంక లేవ."

వందల గొంతులు అదే మాట అన్నాయి. మూత తియ్యి! మూత తియ్యి! లారీ అద్దాలు పగిలాయి. జయప్రకాశ్ జీపు బోర్లా పడింది. ఎస్సై నిచ్చెన వేసుకుని గోడ దిగక తప్పలేదు. షాకేరానూ దించాం. శ్రీనివాస్‌ను పిలిపించి నలుగురు సాక్షుల ముందు మూత తీయించారు. నల్లటేపు బయటపడింది. పూలి తలవంచి ఒక్క కంటితో దగ్గరగా చూసింది.

"రాసుకో సారు. ఇప్పుడన్న రాసుకో."

పంచనామా రాశాక పూలిని వదిలి మిగిలిన మా తొమ్మిదిమందినీ నిచ్చెన ఎక్కించి వ్యాన్‌లో పడేశారు. నాలుగో రోజు లచ్చిరాంను వదిలారు. అతను కుంటుకుంటూ బయటికి పోతుంటే మేం అదే లాకప్ గదిలో ఉన్నాం. అజారుద్దీన్ వేళ్లు రెండు విరిచారు. పొడిచినవాణ్ని ఇప్పటికీ పట్టుకోలేదు. జయప్రకాశ్ బెయిలు మీద తిరుగుతున్నాడు.

గేటు కోయడానికి వేరే జిల్లా నుంచి మనిషిని తెచ్చారు. వాడు ఊచలు కోసుకుంటూ పోయాడు. నాలుగు జాయింట్లూ అలాగే ఉన్నాయి.

మేం బయటికొచ్చిన వారంలో పినపాక దగ్గర ఇంకో షెడ్డుకు అలాంటి గన్నే వచ్చిందని తెలిసింది. మేం పోయేసరికి పూలి, షాకేరా ముందే అక్కడున్నారు. వాళ్ల వెనక ఆ షెడ్డు పనివాళ్లంతా. పూలి మెషిన్ మీద చెయ్యేసి నిలబడి ఉంది.

"ముందుగాల మూత తియ్యి," అంటోంది ఆ యజమానితో. "మేమంత చూసినంకనే స్విచ్."