మర్యాదకు ఎగిరిపోయిన బాతులు

ముప్పై రెండేళ్ల కాపురంలో లక్ష్మీపతి పెళ్లాం మాటకు ఎదురు చెప్పకుండా తలూపింది ఒక్కసారే. రిటైరై మూడు నెలలైంది. సంతకం పెట్టమని అడిగే దిక్కు లేక మనిషి కాస్త మెత్తబడ్డాడు. లలిత అదును చూసుకుని అడిగేసింది.

"రెండ్రోజులు. మైలవరం రిజర్వాయరు కాడ కాటేజీ మాట్లాడినా. మీరు నా వెనకాల రావాల, నోరెత్తకూడదు. బాతులు చూసి వచ్చేస్తాం."

"సరేలే" అన్నాడాయన.

ఈ బాతుల పిచ్చి ఆమెకు ప్రొద్దుటూరు మిద్దె మీద పట్టుకుంది. వడియాల మీద వాలే కాకులను తోలడానికి పైకెక్కిన మనిషి, కాకులు కానివి కూడా వాలుతున్నాయని కనిపెట్టింది. పక్కింటి రేష్మా డిగ్రీలో జువాలజీ చదివేటప్పుడు కొన్న బైనాక్యులర్ ఈమెకు ఇచ్చేసింది. ఇప్పటికి అరవై ఒక్క రకాలు చూసింది. చూడాలని ప్రాణం కొట్టుకుంటున్నది మాత్రం ఒక్కటే. తల మీద రెండు నల్ల గీతలుండే బాతు. హిమాలయాలకు అవతల పుట్టి, ఆ మంచుకొండల మీదుగా ఎగిరొచ్చి, చలికాలం రిజర్వాయరులో గడిపి వెళ్లిపోతుంది. ప్రొద్దుటూరి నుంచి ఆ నీళ్లు గంట ప్రయాణం. తొమ్మిదేళ్లుగా ప్రతి జనవరిలోనూ పోదామనుకోవడం, ఒక ఏడు ఎలక్షన్ డ్యూటీ, ఒక ఏడు కలెక్టరు ఇన్‌స్పెక్షను, ఇంకో ఏడు ఎవరికో వీడ్కోలు సభ!

"బాతు హిమాలయాలు దాటి వస్తాంది, మనం ఎర్రగుంట్ల రోడ్డు దాటలేమా?" అని ఆమె అడిగిన ప్రతిసారీ ఆయన ఫైలు తిప్పేవాడు.

శుక్రవారం సాయంత్రానికి కాటేజీ చేరారు. పొద్దుతిరుగుడు చేను పక్కన రెండు గదులు, ముందు వసారా. ఫోటోలో బోదగడ్డి కప్పు కనబడింది గానీ, బోద కింద చక్కని స్లాబు ఉంది, ఏసీ ఉంది. అక్కడి నుంచి రిజర్వాయరు కట్ట అరకిలోమీటరు. చలిగాలిలో నీళ్ల వాసన తగిలేసరికి లలితకు కడుపు నిండినట్టయింది.

అంతలో కాటేజీ యజమాని ఓబుళరెడ్డి ఆధార్ కార్డులు అడగడానికొచ్చాడు. కార్డు చూశాడు, మనిషిని చూశాడు, కార్డు జేబులో పెట్టుకుని అమాంతం కాళ్ల మీద పడ్డాడు.

"లక్ష్మీపతి సారా! జమ్మలమడుగు తహసీల్దారాఫీసులో సూపరింటెండెంటుగా ఉన్న సారే గదా! మా నాయన పేరు పాస్ బుక్కులో తప్పు పడింటే సరిజేసిచ్చినారు. మీరు మర్చిపోయింటారు, నేను మర్చిపోతానా?"

లక్ష్మీపతి నిజంగానే మర్చిపోయాడు. లలితకు మాత్రం గుర్తుంది. ఆ నాలుగక్షరాలు దిద్దడానికి ఈయన ఈ ఓబుళరెడ్డిని పదకొండు నెలలు తిప్పాడు. ఇంటికి కూడా వచ్చి గడపలో కూర్చునేవాడు పాపం, ఆమే మజ్జిగ ఇచ్చేది. ఓబుళరెడ్డి ఆ పదకొండు నెలలను తీసి పక్కన పెట్టి, దిద్దిన రోజొక్కటే దాచుకున్నాడు. మంచివాళ్లతో వచ్చే తంటా ఇదే.

లక్ష్మీపతి వెన్ను నిటారుగా అయింది. మూడు నెలల మెత్తదనం మూడు నిమిషాల్లో ఎగిరిపోయింది.

శనివారం తెల్లవారి ఆరుకల్లా లలిత శాలువా కప్పుకుని, బైనాక్యులర్ మెడలో వేసుకుని వసారాలో నిలబడింది. బయట మూడు బండ్లు, పదకొండు మంది మగవాళ్లు.

"అరకిలోమీటరే గదప్పా, నడిచిపోతాం" అంది లలిత.

"అమ్మా, నా ఇంటికొచ్చిన సారు ఒంటిగా నడిచిపోతే ఊర్లో నన్నేమనుకుంటారు? ఓబుళరెడ్డికి మంది లేరా అనరా?" అన్నాడతను. ఆ ఊళ్లో పెద్దమనిషి ఎంత పెద్దవాడన్నది వెంట నడిచేవాళ్లను బట్టే తెలుస్తుంది. చుట్టాన్ని ఒంటరిగా పంపడమంటే అన్నం పెట్టకుండా పంపినట్టే.

అన్నం కూడా పెట్టారు. ఉగ్గాని, బజ్జీలు, ఓళిగలు. ఓబుళరెడ్డి భార్య పద్మావతమ్మ వద్దంటున్నా నెయ్యి పోసింది. తొమ్మిదయింది. మూడు బండ్లూ హారన్లు కొడుతూ కట్ట ఎక్కాయి. అక్కడ షామియానా వేసి, కుర్చీలు వేసి ఉన్నాయి. బాతులు ఎప్పుడో అవతలి ఒడ్డుకు చేరుకున్నాయి. బైనాక్యులర్‌లో చూస్తే చల్లిన మిరియాలంత ఉన్నాయి. తలేదో తోకేదో తెలియదు, ఇంక గీతలేం కనపడతాయి!

"యాడుండాయమ్మా? ఆడనా? ఉండు, మావోళ్లను పంపి ఇటు తోలిస్తా" అన్నాడు ఓబుళరెడ్డి.

"వద్దు వద్దు! నీకు దండం పెడతా!" అని లలిత నిజంగానే చేతులు జోడించింది.

వెనకాల ఆమె మొగుడు మెడలో పూలదండతో, వన్ బీ, అడంగల్ అనే భూమి రికార్డుల గురించి గంటసేపు ఉపన్యసించాడు. పదకొండు మందీ చప్పట్లు కొట్టారు. లలితకు ఒక కుర్చీ వేసి, చేతికి పాయసం గిన్నె ఇచ్చారు.

మధ్యాహ్నం గదిలోకి రాగానే ఆమె తలుపు వేసింది.

"నోరెత్తనంటిరే!"

"ప్రేమతో చేస్తాంటే వద్దనేదెట్ల లలితా? బాతులకేం, రేప్పొద్దున చూస్తాం."

"రేపూ ఇంతే. మీకు దండ, నాకు కుర్చీ. ముప్పై రెండేళ్లుగా నేను చేసిన ఉద్యోగం అదే. మీకు రిటైర్మెంటు ఇచ్చినారు, నాకే ఇయ్యలే!" అంది. కోపంతో మొదలుపెట్టిన మాట ఏడుపుతో ఆగింది. ఇంతలో ఓబుళరెడ్డి పిలిస్తే ఆయన వెళ్లిపోయాడు.

ఆదివారం పదిగంటలకు తిరుగు ప్రయాణం. లలిత ఐదున్నరకే లేచి, చెప్పులు చేతిలో పట్టుకుని బయటపడింది. గేటు దగ్గర కుక్క లేచింది. పశువుల కొట్టంలో పాలు పిండుతున్న పద్మావతమ్మ గబగబా వచ్చి కుక్క మెడ పట్టుకుని, రెండో చేత్తో గేటు తీసింది.

"నేను చూళ్లే. పోమ్మా" అంది.

కట్ట దిగి తుమ్మచెట్టు చాటున కూర్చుంది లలిత. వెలుతురు మెల్లగా వచ్చింది. బాతులు ఇవతలి ఒడ్డున, నలభై గజాల్లో ఉన్నాయి. తెల్లటి తల, వెనక రెండు నల్ల గీతలు, పసుపు ముక్కు. కొన్ని గడ్డి మేస్తున్నాయి. ఒకటి ఒంటికాలి మీద నిద్రపోతోంది. మంచుకొండలు దాటొచ్చిన ప్రాణి, తన మిద్దె మీది పావురమంత నిబ్బరంగా నిద్రపోతోంది! లలితకు కళ్లు మసకబారాయి. తుడుచుకుని లెక్కపెట్టడం మొదలుపెట్టింది. నలభై ఒకటి, నలభై రెండు, నలభై మూడు...

ఊళ్లో గుడి మైకు గరగరమంది.

"అయ్యా, లక్ష్మీపతి సారు వాళ్లావిడ కనపళ్లేదు. యాడైనా చూసినోళ్లు బిరీన వచ్చి చెప్పాల..."

బాతులన్నీ ఒక్కసారి మెడలెత్తాయి. కట్ట మీద హారన్లు మోగాయి. "అమ్మా! అమ్మగోరూ!" అని కేకలు. అంతే, నీళ్లు చెదిరాయి, రెక్కలు టపటపలాడాయి, గుంపు మొత్తం లేచి ఆమె నెత్తి మీదుగా కొండల వైపు వెళ్లిపోయింది.

అందరికంటే ముందు లక్ష్మీపతి పరిగెత్తుకొచ్చాడు. బనియను, లుంగీ, కాళ్లకు చెప్పుల్లేవు. ముల్లు గుచ్చుకుని పాదం నుంచి నెత్తురు కారుతోంది.

"నిన్న ఏడిస్తివి గదా... నీళ్లలో గాని..." అని ఆమె భుజం పట్టుకుని నిలబడ్డాడు.

"మీకేమన్నా అయ్యింటే నా గతేంది తల్లీ!" అన్నాడు ఓబుళరెడ్డి ఆయాసపడుతూ. "ఒక మాట చెప్పింటే నలుగురు ఆడోళ్లను తోడు పంపింటా గదా! ఒరే, కుర్చీలు దించండ్రా!"

లక్ష్మీపతి ఆమె మొహం చూశాడు, ఖాళీ అయిన నీళ్లను చూశాడు.

"కుర్చీలొద్దప్పా" అన్నాడు. "మీరంతా పోండి. బండ్లు కూడా తీసుకుపోండి."

"ఒక్క మనిషినన్నా ఉంచుతా సారూ, మర్యాదగా ఉండదు..."

"చెప్తాండా గదా, పోండి!"

ఓబుళరెడ్డి మనసు కష్టపెట్టుకునే వెళ్లాడు. బండ్ల చప్పుడు దూరమైంది. లక్ష్మీపతి తుమ్మచెట్టు కింద, మట్టిలో, పెళ్లాం పక్కన చతికిలబడ్డాడు. ఆమె కొంగుకున్న పిన్నీసుతో ఆయన కాలిలోని ముల్లు తీసింది. ఆయన అబ్బా అని కూడా అనలేదు. చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని నీళ్లకేసి చూస్తూ కూర్చున్నాడు. ఏడయింది, ఎనిమిదయింది. ఒక కొంగ వచ్చి పోయింది. తొమ్మిదైనా బాతులు రాలేదు.

"మళ్లీ వస్తాయా?" అన్నాడు చివరికి గుసగుసగా.

"ఇయ్యాళ రావు."

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"అవి లేచినప్పుడే."

"మరి ఇంతసేపూ ఏంది చూస్తాండావు?"

"మిమ్మల్నే" అంది లలిత. "మీరు నోరు మూసుకుని కూర్చోంగా ఎప్పుడూ చూళ్లేదు. మాట్లాడితే ఎగిరిపోతారేమోనని కదలకుండా కూర్చున్నా."