తలుపు తీయించిన రాక్ పాట

భర్త పోయినదాన్ని కనుక పెళ్లికూతురి తల దువ్వే పని నాకు ఇవ్వరు. నా మేనకోడలు యున్‌షీ పెళ్లిరోజు పొద్దున ముస్తాబు సంగతి మా మరదలు చూసుకుంది, నాకు గది తలుపు కాపలా ఇచ్చారు. నిజం చెప్పాలంటే దువ్వెన కంటే తలుపే నయం. మా యాంగ్‌జౌలో పెళ్లికొడుకు నేరుగా వచ్చి పిల్లను తీసుకుపోలేడు. తలుపు బయట నిలబెట్టి, ఏడిపించి, ఎర్ర కవర్లలో డబ్బు గుంజి, ఒక పరీక్ష పెట్టి, అప్పుడు గడియ తీస్తాం.

పెళ్లికొడుకు ఫెంగ్ జేకు పెట్టే పరీక్ష ఏమిటో ముందు రోజే యున్‌షీ నా చెవిలో వేసింది.

"అత్తా, ఫెంగ్ జే నా గుజెంగ్ మీద నా పాట ఒకటి వాయించాలి. హాల్లో, నాన్న ఎదురుగా."

"గిటారు వాయించుకునేవాడే వాడు! తీగలు తెంపేస్తాడు."

"తెంపనీ. నాన్న లేచి వెళ్లిపోకుండా ఒక్క పాట, చివరిదాకా వినాలి. ఈ ఇల్లు దాటేలోపు అదొక్కటే నా కోరిక."

మా తమ్ముడు గ్వాంగ్‌తావ్ ఊళ్లో సగం మంది పిల్లలకు గుజెంగ్, అంటే బల్లలా పరిచి మీటే తీగల వాద్యం, నేర్పినవాడు. కూతురికీ తనే నేర్పాడు. ఆ పిల్ల వెన్నెల మీద, నది మీద కట్టిన పాత పాటలన్నీ నేర్చుకుని, చివరికి డ్రమ్ములు మోగే రాక్ పాటలు అదే వాద్యం మీద మొదలుపెట్టింది. మనిషంత పొడవున్న ఆ వాద్యాన్ని లౌడ్‌స్పీకరుకు తగిలించి వేదికలెక్కింది. కుర్రకారు కేకలు పెట్టి వింటారు. ఇంట్లో మాత్రం ఆమె మొదలుపెట్టగానే తండ్రి బాల్కనీలోకి పోయి మొక్కలకు నీళ్లు పోస్తాడు. ఆ మొక్కలు నాని నాని కుళ్లిపోయాయి.

పెళ్లి పొద్దున ఆ దారి లేదు. జంట వచ్చి మోకరిల్లి టీ ఇచ్చేదాకా పెద్దవాళ్లు హాల్లో కుర్చీ వదలకూడదు. పరీక్ష మాట వినగానే మా తమ్ముడు నావైపు గుర్రుగా చూశాడు.

"అక్కా, ఇది నీ పనేనా?"

"నేను తలుపు దగ్గర మనిషిని. నాకేం తెలుసు?"

"సరే, వాయించమను. తీగల కింద గుర్రాలు మాత్రం ఒక్కటీ జరపడానికి వీల్లేదు."

అదీ మెలిక. గుజెంగ్‌కు స రి గ ప ద మాత్రమే ఉంటాయి. మ, ని తీగల్లో ఉండవు. రాక్ పాటకు అవి కావాలి. తీగలను ఎత్తిపట్టే ఆ చెక్క గుర్రాలు జరుపుకుని శృతి మార్చుకోవచ్చు, లేదా గుర్రానికి ఎడమపక్క తీగను నొక్కి ఆ స్వరం పుట్టించాలి. ఎంత నొక్కాలన్నది ఏళ్ల తరబడి కూర్చుంటే వేలికి తెలిసే సంగతి.

ఫెంగ్ జే చెమటలు కక్కుతూ వచ్చి కూర్చున్నాడు. పెళ్లికూతురి స్నేహితురాలు పెయ్‌లాన్ అతని వేళ్లకు తీగలు మీటే కృత్రిమ గోళ్లు పెట్టి టేపు చుట్టింది. చుట్టడం అయ్యాక చెయ్యి చాచింది.

"ఇంకో ఎర్ర కవరు, బావా!"

పాపం, గోళ్లున్న చేతిని జేబులో పెడితే కవర్లన్నీ టేపుకు అంటుకుని గుత్తిగా బయటికొచ్చాయి. పిల్లలు వాటిని కోడి ఈకల్లా పీకేశారు. "చేతులున్నాయా, చీపురుకట్టలా?" అని పెయ్‌లాన్ పకపకా నవ్వింది. మా తమ్ముడు మాత్రం కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాడు.

పాట మొదలైంది. కుడిచెయ్యి పరవాలేదు, తాళం గట్టిగానే ఉంది. పెళ్లికొడుకు స్నేహితులు పాదాలు నేలకేసి కొట్టారు. మ రావలసిన చోట నొక్కితే సగమే పలికింది. ఎక్కడో పిల్లి తోక తొక్కినట్టయింది.

గదిలోంచి యున్‌షీ అరిచింది. "ఇంకా కిందికి నొక్కు!"

"నువ్వు నోరు మూసుకో, పెళ్లికూతురివి!" అన్నాను నేను.

ని దగ్గర అంతకంటే ఘోరం. ఫెంగ్ జే ఆగిపోయాడు. మా తమ్ముడు కుర్చీ పిడి గట్టిగా పట్టుకున్నాడు. లేచాడు. అయిపోయింది, బాల్కనీకే అనుకుని నేను కళ్లు మూసుకున్నాను.

తెరిచి చూస్తే వాడు ఫెంగ్ జే ఎడమపక్క నిలబడి ఉన్నాడు.

"ఆ చెయ్యి తీయ్. ఎడమచేత్తో కుక్కపిల్లను దువ్వుతున్నావా? నువ్వు మీటు, నేను నొక్కుతాను. మొదటినుంచి."

కుడిచెయ్యి కుర్రాడిది, ఎడమచెయ్యి ముసలాడిది. మ పలికింది, ని పలికింది. పాట మధ్యలో, గిటారు అరిచే చోటు వచ్చేసరికి మా తమ్ముడు తీగను నొక్కి వదిలి, మళ్లీ నొక్కి అలా వణికించాడు చూడండి, పెళ్లికొడుకు స్నేహితులు ఈల వేసి గంతేశారు.

"నాన్నా, తర్వాత ఎక్కడ?" అన్నాడు ఫెంగ్ జే కంగారులో.

టీ ఇవ్వనిదే మామగారిని నాన్నా అని పిలవకూడదు. అప్పటిదాకా మాస్టారే. హాలంతా ఒక్కసారి గొల్లున నవ్వింది.

"టీ చుక్క పోయకుండానే నాన్న అయిపోయాడా!" అంది పెయ్‌లాన్.

"ముందు తీగ చూడరా. పైనుంచి ఐదోది," అన్నాడు మా తమ్ముడు, తల ఎత్తకుండా.

గదిలోంచి యున్‌షీ అడిగింది. "ఈ పాట ఎప్పుడూ వినలేదుగా నాన్నా, నీకెలా తెలుసు?"

"బాల్కనీ ఏమన్నా పక్క ఊళ్లో ఉందా? రెండు పిల్లర్లు తప్ప అడ్డమేముంది?"

 లోపలినుంచి తలుపు మీద అరచేత్తో దరువు మొదలైంది. డ్రమ్ము లేని లోటు తీరిపోయింది. పాట చివరి మీటు దాకా వెళ్లింది. ఎవరూ చెప్పకుండానే నేను గడియ తీశాను. ఎర్ర పట్టుబట్టల్లో యున్‌షీ బయటికొచ్చింది. కాటుక కాస్త చెదిరింది, ముఖమంతా నవ్వు.

"ఎలా ఉంది?" అని అడిగింది తండ్రిని.

"వీడు పాటను పరిగెత్తించాడు. నువ్వు వాయిస్తేనే బాగుంటుంది."

"ఇప్పుడా?"

కింద పెళ్లికారు హారన్ మోగుతోంది. మా మరదలు టీ చల్లారిపోతోందని అరుస్తోంది. ఫెంగ్ జే లేచి పీట ఖాళీ చేశాడు. మా తమ్ముడు తన కుర్చీని ఈడ్చుకొచ్చి గుజెంగ్ పక్కన వేసుకుని కూర్చున్నాడు.