పులుసు గంటె

పెళ్లయిన పన్నెండేళ్లలో అత్త అంజవ్వ భాగ్యను ఒక్కసారే మెచ్చుకుంది, అదీ ఒక గంటె తోమినందుకు. అంజవ్వ నోట మంచిమాట నల్లపూసే మరి.

భాగ్య మొగుడు దయానంద్‌కు బాన్సువాడ బస్టాండు వెనక బ్యాటరీల రిపేరు షాపుంది. రెండేళ్ల కింద, సీసం కరిగించి పోసుకోవడానికి వంటింట్లోని పెద్ద ఇనుప గంటెను పట్టుకుపోయాడు. తిట్లు మాత్రం భాగ్యకు పడ్డాయి. "ఇంట్ల సామాను కాపాడుకునుడు గూడ రాదు. మీ అవ్వ ఏం నేర్పింది?" అంది అంజవ్వ. భాగ్య షాపుకు వెళ్లి గంటె తెచ్చుకుంది. బూడిదతో, చింతపండుతో చేతులు మండేదాకా తోమింది. "కొత్తదాని లెక్క చేసినవే, గట్టిదానివి" అంది అత్త. ఆ మాటకే మురిసిపోయి, అప్పట్నుంచి భాగ్య రోజూ ఆ గంటెతోనే పులుసు కలిపింది, బిడ్డకు వడ్డించింది.

బిడ్డ వర్షకు తొమ్మిదేళ్లు. ఊరికే కడుపునొప్పి, చదివింది గుర్తుండదు. "తల్లి పోలికే, మొద్దు" అనేది అంజవ్వ. ఆ మాట పడలేక భాగ్య ఏడో ఎక్కం రాలేదని బిడ్డను స్కేలుతో కొట్టింది. ఒకసారి కాదు.

ఇవాళ నిజామాబాద్‌లో డాక్టరమ్మ రక్తం రిపోర్టు చూసి చెప్పింది. "పాప ఒంట్ల సీసం ఉందమ్మా. అది కాల్షియం లెక్క వేషం కట్టి మెదడు కణాల్ల జొరబడ్తది. కణం తనోళ్లే అనుకొని రానిస్తది. లోపల కూసొని పనంతా ఆగం చేస్తది. ఇంట్లకు యాడికెళ్లి వస్తున్నది?"

"వంటింటి సంగతి ఆమెకే ఎరుక" అన్నాడు దయానంద్, తన షాపు ఊసెత్తకుండా.

భాగ్యకు గంటె గుర్తొచ్చింది. తలెత్తలేకపోయింది. విషం తెలియక పెట్టింది, కానీ స్కేలు తెలిసే ఎత్తింది కదా. బస్సులో వస్తున్నంతసేపూ వర్ష ఆమె భుజం మీద తల ఆనించి పడుకుంది.

ఇంటికి రాగానే అంజవ్వ పొయ్యి దగ్గర్నుంచి అడిగింది. "గంటె యాడ పెట్టినవే?"

భాగ్య గంటె తీసి దయానంద్ ముందు పెట్టింది. "ఇది నీ షాపుది. మల్ల ఇంట్లకు రావద్దు. నీ షాపు బట్టలు గూడ అక్కడ్నే ఉతుక్కో. డాక్టరమ్మకు ఫోన్ చేసి అన్నీ చెప్త, నేను తోమిన సంగతి గూడ."

తర్వాత బిడ్డ ముందు కూర్చుంది.

"నువ్వు మొద్దు కాదు బిడ్డా. నేను పెట్టిన పులుసు తిన్నవ్, అంతే."