బావ నోటి గాలి

దీవిలో ఏటా ఒక శనివారం పొద్దున్నే రెండూళ్ల మగవాళ్లూ వచ్చి తింగా ఆట ఆడే బాటలో గడ్డి పీకేవారు. ఈ చివర వైనిసావు వాళ్లు, ఆ చివర నాతోకా వాళ్లు. తింగా అంటే గట్టి చెక్క తల బిగించిన రెల్లు కర్ర; దాన్ని వెనక నుంచి చూపుడువేలితో తోసి విసరాలి. ఎవరి తింగా నేలను రాసుకుంటూ దూరం పోతే వాళ్ల ఊరు గెలిచినట్టు. ఓడిన ఊరు గెలిచిన ఊరికి కడుపునిండా పెట్టాలి.

వైనిసావు సైలోసి విసిరిన తింగా మాత్రం, అతని బావ రుపేని వెక్కిరించినంతసేపూ దిగేది కాదు. జానెడెత్తున అలా పోతూనే ఉండేది. ఒక ఏడు రుపేని మంచి ఊపులో ఉండి దాన్ని రెండు వానాకాలాలు దాటించాడు. దాని వెంట పరుగెత్తిన పిల్లలు తిరిగొచ్చేసరికి మీసాలొచ్చాయి. తక్కినవాళ్లు చాపలు పరుచుకుని కూర్చున్నారు.

రుపేనిది నాతోకా. తను నోరు విప్పితే తన ఊరే ఓడుతుందని తెలుసు. అయినా బావ ఎదుట పడ్డప్పుడు వెక్కిరించకపోతే చుట్టరికం తెంచుకున్నట్టే. దానికంటే ఓటమి నయం. అందుకే ఏటా నాతోకా ఓడేది, ఏటా వండి పెట్టేది. సైలోసి తిని, బ్రేవుమని తేన్చి, "ఉప్పు తక్కువైంది బావా, నీ బుర్రలో లాగే" అనేవాడు.

ఆ ఏడు వచ్చిన తుపాను కొబ్బరిచెట్లకు గుండు గీసింది. పందుల్ని పక్క దీవిలో దించింది. చర్చిలో పాటల పుస్తకంలోంచి అక్షరాలు సైతం ఊడ్చుకుపోయింది. వైనిసావులో విత్తనానికి మట్టిలో దాచిన పెండలం గడ్డలు మిగిలాయి. నాతోకాలో అవీ లేవు. ఆట మానేద్దామని ఎవరూ అనలేదు. అంటే ఆకలికి జడిసినట్టు కదా!

"ఇవాళ నోరు మూసుకో" అన్నారు నాతోకా పెద్దలు రుపేనితో. "ఓడితే వాళ్లకు ఏం పెడతాం, ఇసుకా?"

నాతోకా తింగా అరవై బారలు పోయింది. తర్వాత సైలోసి విసిరాడు.

"ఏం బావా, గొంతులో చేపముల్లు దిగిందా?" అని అరిచాడు.

రుపేని కాళ్లకేసి చూసుకున్నాడు.

సైలోసి పెళ్లాం వసేమా, రుపేనికి సొంత చెల్లెలు. ఆ దీవిలో ఊహ తెలిశాక అన్నాచెల్లెళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోకూడదు. విత్తనాలు పోతే వచ్చే ఏడు పంట లేదని ఆమెకు తెలుసు. అన్న ఇటు చూసి నోరు విప్పుతాడేమోనని చంకలోని పసిదాన్ని గట్టిగా గిల్లింది. అది ఊరంతా వినబడేలా ఏడ్చింది. అన్న తలెత్తలేదు.

"ఒక్కటి అనరా బావా! కుంటి పీతా అను!"

తింగా యాభై ఏడు బారల దగ్గర నేలను తాకి ఆగిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం వసేమా విత్తనపు గడ్డలన్నీ తవ్వి తీసి, వేడిరాళ్ల గుంతలో కాల్చింది. నాతోకా వాళ్లు తలలు వంచుకుని తిన్నారు. రుపేని రెండు ముద్దలు మింగి, ఎలాగో నవ్వు తెచ్చుకున్నాడు.

"ఏం బావా, గడ్డలు నీ మొహంలాగే మాడాయే!"

గోడకు ఆనించిన తింగా కదల్లేదు. అందరూ సైలోసి జవాబు కోసం చూశారు.

"క్షమించండి" అన్నాడు సైలోసి. "మాడనిది చూసి పెడతాను."

తింటున్నవాళ్ల చేతులు ఆగిపోయాయి. ఆ దీవిలో బావను 'అండీ' అన్న మగవాడు అప్పటిదాకా పుట్టలేదు.

"ఒరే, తిట్టరా" అన్నాడు రుపేని. "కుక్కా అను. పందీ అను. ఒక్కసారి."

"పెద్దవారు మీరు. అలా అనకూడదండీ."

సైలోసి గుంతలోకి వంగి, మొలక ఇంకా అంటుకునే ఉన్న గడ్డ ఒకటి ఏరి, రెండు చేతులతో అతని ఆకులో పెట్టాడు.