చిన్నదొరకి ముప్పయ్యేళ్ళు

చిన్నదొరకి పంతొమ్మిదేళ్ళుగా పదేళ్ళే. టీవీలో వచ్చే బొమ్మల సీరియల్ కుర్రాళ్ళకి ఉన్న సుఖమే అది. పుట్టినరోజులు జరుపుకుంటారు గానీ వయసు జరగదు. వాళ్ళ నాన్నకి నాలుగు ఫ్యాక్టరీలు, వీడికి నలభై బొమ్మకార్లు, ఒక అసలు కారు. ఎదురింటికి కూడా ఆ కారులోనే వెళ్ళేవాడు. డ్రైవరు దాన్ని వెనక్కి తీసి, ముందుకి తీసి, వీధి దాటించేలోపు పక్కింటి పుల్ల నడిచి వెళ్ళి నడిచి వచ్చేసేవాడు. సన్నగా ఉంటాడు కనక వాడు పుల్ల. చిన్నదొర దృష్టిలో మాత్రం విరవడానికే పుట్టాడు కనక పుల్ల. ఒకసారి వీధి పిల్లలందరూ ఊగే ఉయ్యాలని చిన్నదొర కొనేశాడు. కొని, దాని మీద ఒక్కడే ఎక్కి కూర్చున్నాడు. ఊపేవాళ్ళు లేక ఊరుకున్నాడు. గోళీలాటలో తన చేతిలో ఓడిపోవడానికి ఒక మనిషిని కుదుర్చుకున్నాడు. ఆ మనిషి పొరపాటున గెలిస్తే ఉద్యోగం ఊడింది.

ఈ చిన్నదొరని గీసే పెద్దమనిషిని స్టూడియోలో అందరూ బొమ్మలాయన అంటారు. యాభై ఎనిమిదేళ్ళు, వంగిన వీపు, చెవి మీద పెన్సిలు. ఆయన బల్ల ముందు గోడకి ఒక అట్ట ఉంటుంది. సీరియల్లో ప్రతి పాత్రకీ అలాంటి అట్ట ఒకటి ఉండాలి. కోపం వస్తే కనుబొమ్మ ఎక్కడుంటుంది, నవ్వితే పళ్ళెన్ని కనిపిస్తాయి అని గళ్ళు గీసి ముఖాలు వేసి పెడతారు. పది మంది పది చోట్ల గీసినా పాత్ర ఒక్కటే అనిపించాలి కదా. చిన్నదొర అట్టకి తొమ్మిది గళ్ళు. ఎనిమిదింటిలో ముఖాలున్నాయి: గర్వం, వెక్కిరింత, కోపం, కుట్ర, విసుగు, గెలుపు, దొంగ అమాయకత్వం, అసలు భయం. తొమ్మిదోది ఖాళీ. చిన్నదొర ఏడవడు, అందరినీ ఏడిపిస్తాడు, అందుకని ఖాళీ అని కొత్తగా చేరినవాళ్ళకి బొమ్మలాయన చెబుతుంటాడు. అది ఆయన చెప్పే కథ. కథ వెనక కథ ఇంకొకటి ఉంది.

ఆ ఎనిమిది ముఖాలూ ఆయన కొడుకువి. అప్పుడు వాడికి పదేళ్ళు. అచ్చంగా చిన్నదొరకి తిరగేసిన బొమ్మ. అడిగినవాడికల్లా పెన్సిళ్ళు ఇచ్చేసి, బడిలో వేలితో రాసుకునే రకం. అలాంటివాడు వంటింటి స్టూలెక్కి, గడ్డం పైకెత్తి, ఒక కన్ను చిన్నది చేసి, "ఎవరక్కడ, నా చెప్పులకి చెప్పులు తీసుకురండి" అనేవాడు. తండ్రి నవ్వాపుకుని గీసేవాడు. ఎనిమిది అయ్యాయి. తొమ్మిదోది ఏడుపు. వాడు మూతి వంచి ఏడుపు మొదలుపెట్టడం, తండ్రి ముఖం చూసి పకపకా నవ్వడం, ఇదే వరస. చివరికి స్టూలు దిగిపోయి, "ఏడుపు రేపు చేద్దాం నాన్నా" అన్నాడు.

ఏడుపు చేసిపెట్టడానికి వాడికి రేపు కుదరలేదు. సీరియల్ మొదలైన నాలుగో నెలలో వాడు సైకిలు మీద వెళ్తుంటే మలుపులో లారీ వచ్చింది. ఆ సైకిలు కొనిచ్చింది వాళ్ళ మామయ్య, అంటే బొమ్మలాయన బావమరిది. కళ్ళజోళ్ళ కొట్టు పెట్టుకున్న మనిషి, పెళ్ళీ పిల్లలూ లేనివాడు, మేనల్లుడు నోరు తెరిస్తే చాలు, అడిగింది చేతిలో పెట్టేవాడు. సైకిలు ఇంకో రెండేళ్ళ తరవాత అని తండ్రి అంటుండగానే గుమ్మంలోకి తెచ్చి గంట కొట్టాడు. ఆసుపత్రి వరండాలో బొమ్మలాయన ఆ బావమరిదితో ఒక్క మాట అన్నాడు. "గారం చేసి చంపేశావు." ముప్పయ్యేళ్ళ మనిషి ముఖం ఆ మాటకి ఎలా అయిందో బొమ్మలాయన చూశాడు. గీతలు చూడ్డమే పనైన వాడు కనక గీత గీతా చూశాడు. ఆ తరవాత ఇద్దరికీ ముఖాముఖి లేదు. తమ్ముడి పేరెత్తితే భర్త ముఖం మాడిపోతోందని ఇల్లాలు కూడా ఎత్తడం మానేసింది.

ఆవిడ మాత్రం సీరియల్ మానలేదు. రోజూ సాయంత్రం ఆరింటికి టీవీ ముందు కూర్చుని, శబ్దం తీసేసి చూస్తుంది. మాట లేకుండా ఏం చూస్తారని పక్కింటావిడ అడిగితే, గొంతు వాడిది కాదుగా అంది. ముఖం వాడిదే. పంతొమ్మిదేళ్ళపాటు రోజుకో అరగంట కొడుకు ఆవిడ కళ్ళ ముందు గడ్డం పైకెత్తి తిరిగాడు.

ఇలా ఉండగా సీరియల్‌కి కొత్త డైరెక్టరమ్మ వచ్చింది. చిన్నప్పుడు ఈ సీరియల్ చూస్తూనే అన్నం తిన్న పిల్ల. ఇంక చాలు, కథ ముగించేద్దాం అంది. ముగింపులో చిన్నదొరకి ముప్పయ్యేళ్ళు. ఫ్యాక్టరీలు పోయాయి, కారు పోయింది, పుల్ల ఇంటికి నడిచి వస్తాడు, గుమ్మం ముందు నిలబడి తప్పు ఒప్పుకుంటాడు, ఏడుస్తాడు. పెద్దయిన ముఖాన్ని కంప్యూటరు కుర్రాళ్ళు అప్పుడే చేసేశారు. బొమ్మలాయన చూశాడు. పదేళ్ళ ముఖాన్ని నాలుగు వైపులా లాగి మీసం అతికించారు. ముప్పయ్యేళ్ళవాడిలా లేడు, మూడు రోజులు నిద్రపోని పదేళ్ళవాడిలా ఉన్నాడు. శుక్రవారం దాకా టైమివ్వమని అడిగాడు. డైరెక్టరమ్మ ఇచ్చింది.

ఇంట్లో ఆ సంగతి చెబితే ఇల్లాలు చేతిలో పని పక్కన పెట్టింది. తరవాత, "పెద్దయితే వాడు మామయ్య పోలికేగా" అని, లేచి లోపలికి వెళ్ళిపోయింది. వాడు పుట్టిన రోజునే అందరూ అన్న మాట అది.

బొమ్మలాయన గీయడానికి కూర్చున్నాడు. గర్వం గీశాడు, గర్వం రాలేదు. నవ్వు గీశాడు, నవ్వు రాలేదు. ముప్పయ్యేళ్ళ ముఖం ఏది మొదలుపెట్టినా పెన్సిలు ఆసుపత్రి వరండాలోకే వెళ్ళి ఆగుతోంది. బావమరిదికి ముప్పయ్యేళ్ళప్పటి ముఖం ఆయన దగ్గర ఒక్కటే ఉంది మరి. తొమ్మిదో గడిలోకి రావలసిన బొమ్మ పంతొమ్మిదేళ్ళుగా సిద్ధంగానే ఉంది. మిగిలిన ఎనిమిదీ లేవు. అవి ఇంకొకరి దగ్గర ఉన్నాయి. వెళ్ళి అడుగుదామంటే ముఖం చెల్లదు.

ముఖం చెల్లకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. అది ఎవరికీ తెలియదని ఆయన అనుకుంటున్నాడు.

బుధవారం మధ్యాహ్నం కళ్ళజోళ్ళ కొట్టుకి వెళ్ళాడు. గోడల నిండా ఫ్రేములు, ముఖాలు లేని కళ్ళజోళ్ళు వందల కొద్దీ అటూ ఇటూ చూస్తున్నాయి. బావమరిది జుట్టు సగం పోయింది, మిగిలిన సగం తెల్లబడింది. వచ్చినాయన్ని చూశాడు. పలకరించలేదు, పొమ్మనలేదు. కుర్చీ చూపించాడు. బరువైన ఇనప ఫ్రేము ముక్కు మీద పెట్టి, అందులో అద్దాల బిళ్ళలు మార్చడం మొదలుపెట్టాడు. తోటి మనిషితో మాట్లాడకుండా మాట్లాడ్డానికి కంటి పరీక్షకి మించింది లేదు.

"ఇది బాగుందా, ఇందాకటిదా?"

"ఇందాకటిదే."

"ఇందాకటిది ఎవరికైనా బాగానే ఉంటుంది. ఇప్పటిది చెప్పండి."

ఆ 'అండి' బొమ్మలాయనకి గుచ్చుకుంది. ఒకప్పుడు ఈ మనిషి తనని బావా అని పిలిచి భుజమ్మీద చెయ్యి వేసేవాడు. ఇప్పుడు జానెడు దూరంలో ఆ ముఖం వంగి ఉంది. కళ్ళ కింద ముడతలు, పెదవి చివర చిన్న వంపు. కొడుకు వంపు. ఏ గీతనైనా చూడగల మనిషికి ఎదురుగా ఉన్న అట్ట మీద అక్షరాలు కనిపించడం మానేశాయి.

"ఆ రోజు వాడు ఊరికే తిరగడానికి వెళ్ళలేదు," అన్నాడు. "స్టూడియోకి కళ్ళజోడు మర్చిపోయి వెళ్ళాను. ఇంటికి ఫోను చేస్తే వాడే ఎత్తాడు. తెచ్చిపెట్టరా అన్నాను. సైకిలు మీద రమ్మన్నది నేనే."

బావమరిది చెయ్యి బిళ్ళ దగ్గరే ఆగింది. "తెలుసు," అన్నాడు.

అని, బల్ల సొరుగు లాగి, గుడ్డలో చుట్టిన నల్ల ఫ్రేము కళ్ళజోడు తీసి ముందు పెట్టాడు.

"వాడి చొక్కా జేబులో ఉంది. నేనే తీశాను. నా చేత్తో బిగించిన ఫ్రేము నేను గుర్తుపట్టనా బావా?"

"మరి నేను అంత మాట అంటుంటే నోరు మూసుకుని ఎందుకు ఊరుకున్నావురా?"

"అక్కకి కొడుకు పోయాడు. మొగుణ్ణి కూడా పోగొట్టడం నా వల్ల కాలేదు. తమ్ముడిదేముంది, లేకపోయినా రోజులు వెళ్ళిపోతాయి." బిళ్ళ తీసి గుడ్డతో తుడిచాడు. అది శుభ్రంగానే ఉంది. "వెళ్ళిపోయాయి కూడా."

బొమ్మలాయన ఆ ఇనప ఫ్రేములోనే ఏడ్చాడు. చాలాసేపటికి ఎందుకొచ్చాడో చెప్పాడు. బావమరిది కొట్టు తలుపు దగ్గరకి వేసి వచ్చి, స్టూలు మీద కూర్చుని, ఎంతో కష్టపడి గడ్డం పైకెత్తి, ఒక కన్ను చిన్నది చేశాడు. "వాడికి ఇది నేర్పింది ఎవరనుకున్నావు," అన్నాడు. బొమ్మలాయన గీశాడు. కళ్ళ కింద ముడతలు వదిలేసి, జుట్టు వెనక్కి ఇచ్చేసి, ఎనిమిదీ గీశాడు. తొమ్మిదోది అడగలేదు.

ఆ సాయంత్రం పాత కళ్ళజోడు తెచ్చి భార్య ముందు పెట్టాడు. చెప్పవలసింది చెప్పాడు. ఫోను సంగతి, సైకిలు సంగతి, పంతొమ్మిదేళ్ళు తమ్ముణ్ణి ఆవిడకి లేకుండా చేసిన సంగతి. ఆవిడ కళ్ళజోడు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "అద్దం పగల్లేదు," అంది. ఆ రోజు నుంచి ఆయనతో మాట్లాడలేదు. అన్నం పెట్టేది, గ్లాసు అందించేది, ముఖం మాత్రం చూసేది కాదు. బొమ్మలాయన జీవితమంతా ముఖాలు గీసిన మనిషి. ఒక ముఖం తనవైపు తిరగడం కోసం ఇంతగా ముఖం వాచిపోయి ఎన్నడూ ఎదురుచూడలేదు.

చివరి భాగం వచ్చే రోజున, ఆరింటికి ముందు బావమరిది గుమ్మంలో నిలబడ్డాడు. ఆవిడే ఫోను చేసి పిలిచిందట. అక్కాతమ్ముళ్ళు ఏం మాట్లాడుకున్నారో గానీ ఇద్దరి కళ్ళూ ఎర్రగా ఉన్నాయి. సోఫాలో పక్కపక్కనే కూర్చున్నారు. బొమ్మలాయన వంటింటి గుమ్మం దగ్గరే ఉండిపోయాడు. కూర్చోమని బావమరిది సైగ చేశాడు. ఆవిడ జరగలేదు.

తెర మీద వీధి చివర నుంచి చిన్నదొర నడిచి వచ్చాడు. పొడుగ్గా, కొంచెం వంగి, పెదవి చివర వంపుతో. ముప్పయ్యేళ్ళవాడు.

ఆవిడ శబ్దం పెట్టింది.

పంతొమ్మిదేళ్ళలో ఆ గదిలో ఆ సీరియల్‌కి శబ్దం రావడం అదే మొదలు. ఎవరో కొత్త మనిషి గొంతు. ముప్పయ్యేళ్ళ గొంతు ఎలా ఉండేదో ఎవరికీ తెలియదు కనక అది వాడిది కాదని చెప్పడానికి లేదు.

"ఇలాగే ఉండేదంటావా?" అంది ఆవిడ.

"ఇంకొంచెం బొంగురుగా ఉండేది," అన్నాడు తమ్ముడు.

"నీకు బొంగురు. వాడికెందుకు ఉంటుంది?"

"పోలికంటూ వచ్చాక గొంతొక్కటే ఎందుకు రాదక్కా?"

చిన్నదొర పాత ఉయ్యాల దగ్గర ఆగాడు. చిన్నతనం గుర్తుకొచ్చింది. పదేళ్ళవాడు తెర మీదికి వచ్చి గడ్డం పైకెత్తాడు. ఆవిడ చటుక్కున శబ్దం తీసేసింది. వాడు మాట లేకుండా ఏదో హుకుం వేశాడు. మళ్ళీ పెద్దవాడు వచ్చాడు, మళ్ళీ శబ్దం పెట్టింది. ఆ అరగంటా ఆవిడ వేలు బటన్ మీదే ఉంది. చిన్నవాడికి మౌనం, పెద్దవాడికి మాట.

పుల్ల గుమ్మం ముందు పెద్దవాడు నిలబడి, అంతా నా వల్లే అయిందని చెప్పి, తొమ్మిదో గడిలోని ముఖం పెట్టాడు. బావమరిది తల దించుకున్నాడు. ఆవిడ తమ్ముడి ముఖం చూసింది, తెర చూసింది, మళ్ళీ తమ్ముణ్ణి చూసింది. అప్పుడు మొదటిసారి వెనక్కి, వంటింటి గుమ్మం వైపు తిరిగింది.

"ఈ ముఖం మీరు ఎప్పుడు చూశారు?" అని అడిగింది.

ఆ రోజే, ఆసుపత్రిలో అని చెప్పాడు బొమ్మలాయన.

ఆవిడ తల ఊపింది. తెర వైపు తిరిగి, పేర్లు వస్తుండగా, శబ్దం ఇంకొంచెం పెంచింది. ఆ గొంతు మళ్ళీ వస్తుందేమోనని చివరి పేరు దాకా చూసింది. రాలేదు.