గుమ్మం ముందు జోళ్ళు

గ్లోరీ లేవగానే మొహమైనా కడుక్కోకుండా గుమ్మంలోకొచ్చి జోళ్ళు చూసుకుంటుంది. ఫోన్లో వీడియోలు పెట్టేవాళ్ళకి ఆ తిప్పలు మామూలే. ఎవరు ఎంత దూరాన కూర్చుని చూస్తున్నా, చూస్తున్నంతసేపూ వాళ్ళ జోళ్ళు ఆ ఇంటి ముందుంటాయి. చూడ్డం మానగానే మాయమైపోతాయి. ఆమదాలవలసలో ఆ వీధి ఊడ్చే జగ్గమ్మ విసుక్కోవడమే తప్ప దాని గురించి ఎవరూ మాట్లాడుకోరు. ఒకళ్ళ జోళ్ళు ఇంకొకళ్ళు ముట్టకూడదు, అంతే. చర్చి మెట్ల దగ్గర పాటించేదే ఇక్కడా.

గ్లోరీ ఇంటి ముందు మాత్రం ఎప్పుడు చూసినా చుట్టాల జోళ్ళే.

ఆవిడ వంటల ఛానల్ పెట్టింది పిచ్చితో కాదు. తమ్ముడు ప్రకాష్ కావాలి. ఎచ్చెర్లలో చదువు మధ్యలో మానేశాడని నాన్న డేవిడ్‌రాజు చర్చిలో అందరి ముందూ వాడి మీద చెయ్యి చేసుకున్నాడు. వాడు అటునుంచి అటే రైలెక్కేశాడు. నంబరు కూడా మార్చేశాడు. ఎక్కడున్నా ఫోన్ చూడందే వాడికి ముద్ద దిగదు. ఛానల్ పెద్దదైతే ఏనాటికైనా అక్క వాడి కంట పడకపోదు. నాన్న దగ్గర వాడి పేరెత్తితే లేచి వెళ్ళిపోతాడు.

పేరున్నవాళ్ళ వీడియోలన్నీ చూసింది గ్లోరీ. ఒకావిడ నవ్వినట్టు నవ్వింది, ఒకాయన చేతులూపినట్టు ఊపింది. టీవీ వాళ్ళలా మాట్లాడబోతే నాలుక తిరగలేదు. కొత్త జోళ్ళు వచ్చినట్టే వచ్చి పోయేవి. కాలు ఒక్కచోట నిలవక, పొయ్యి మీద కూర వదిలేసి గుమ్మంలోకి పరిగెత్తేది. ఎన్ని కూరలు మాడ్చిందో ఆ ఇంట్లో తిన్నవాళ్ళకే తెలుసు.

పాతపట్నంలో త్రినాథ్ అనే రైతు పొలంగట్టు మీద వంట చేసి చూపిస్తాడు. ఆయనింటి ముందు జోళ్ళు రోడ్డు దాకా ఉంటాయని విని బస్సెక్కింది. అరుగు మీద పనసకాయ కోస్తున్న త్రినాథ్ చేతులు తుడుచుకుని ఆవిడ వీడియో చూశాడు, నవ్వాపుకోలేకపోయాడు.

“వంట సేస్తన్నావా, మీటింగు పెడతన్నావా సెల్లీ?”

పాస్టరుగారికి, సంఘ పెద్దలకి, స్త్రీల సమాజానికి పేరుపేరునా వందనాలు చెప్పందే గ్లోరీ స్టవ్ వెలిగించదు. చిన్నప్పట్నుంచి చర్చిలో సాక్ష్యం చెప్పడానికి లేచినప్పుడల్లా అదే అలవాటు. ఇంకో రకంగా మొదలెట్టొచ్చని ఆవిడకి తోచనే లేదు.

త్రినాథ్ తన వాకిట్లో జోళ్ళు చూపించాడు. ముక్కు రోడ్డు వైపు తిరిగిందంటే ఆ మనిషి చూడ్డం మానేస్తున్నట్టట. ఆ సమయానికి మనం ఏం వాగుతున్నామో చూసుకుని అది వీడియోలోంచి కోసెయ్యాలట.

“మరి వందనాలు?” అంది దిగులుగా.

“సివర్న సెప్పు. ఉన్నోళ్ళకి సెప్తే సాలదా?”

ఆ తర్వాతి వీడియో కాగే నూనెలో ఎండు నెత్తళ్ళ చేపలు పడ్డంతో మొదలైంది. జోళ్ళ ముక్కులు కదల్లేదు. వారం వారం వాకిలి నిండి, సందు నిండి, ఆటో గంగులు చుట్టు తిరిగి పోవాల్సొచ్చేది. గ్లోరీ ఒక్కో జతా వంగి చూసేది. ఊరంతా వచ్చింది, వాడు రాలేదు. ఎవరొచ్చి ఏం లాభమని ఏడుపొచ్చేది. దారి చేస్తున్నానని చెప్పి నాన్న కూడా కర్ర పట్టుకుని వాటి మధ్య తిరిగేవాడు. ఆయన ఏం వెతుకుతున్నాడో అడిగే ధైర్యం ఆవిడకి లేదు.

ఒక ఆదివారం ఆరాధన నుంచి వస్తుంటే ఇంటి గేటు పక్కన ఆ జోళ్ళు కనిపించాయి. కుడి మడమ బయటివైపు అరిగిపోయింది. ప్రకాష్ నడకే అంత, నాన్నదీ అదే నడక. గ్లోరీ చూస్తుండగానే ముక్కులు మెల్లగా రోడ్డు వైపు తిరగసాగాయి.

ఎక్కడ కొయ్యాలో నేర్పారు గానీ, పోయేవాణ్ణి ఎలా ఆపాలో ఎవరు నేర్పారు? వంగి కుడి జోడు లాక్కుని గుండెకి హత్తుకుంది. రెండోది మాయమైపోయింది. గంగులు ఆటో ఆపి చూసి, మొహం తిప్పుకుని వెళ్ళిపోయాడు.

వెనకాలే వచ్చిన డేవిడ్‌రాజు చర్చి పనులు చూసే డీకను. పరాయి జోడు ముట్టినందుకు తిడతాడనే అనుకుంది. ఆయన మడమ వైపు చూశాడు, చూస్తూనే ఉన్నాడు. జోడు ఆవిడ చేతిలోంచి తీసుకుని లోపలికి పోయి, ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అన్నానికి పిలిచినా లేవలేదు.

మర్నాడు మధ్యాహ్నం రైలుకి ప్రకాష్ దిగాడు. ఒక కాలికి జోడు, రెండోది ఉత్తకాలు. కొత్త జోళ్ళు ఏ ఊళ్ళో దొరకవు గనక! అయినా వచ్చాడు. గుమ్మం బయటే నిలబడ్డాడు.

“నా జోడు ఇచ్చీండి. ఎలిపోతాను.”

డేవిడ్‌రాజు తలెత్తలేదు.

“అన్నం తిను. ఆనక ఇస్తాను.”

గ్లోరీ కంచం పెట్టింది. తిన్నాక అడిగితే, ఎండగా ఉంది, సాయంత్రం ఇస్తానన్నాడు. సాయంత్రం అడిగితే రేపన్నాడు. ఆ రేపు వచ్చింది, ప్రకాష్ అడగలేదు.